మా ఇళ్ళ వెనక సాలమాండర్ ఊట ఉంది. సిటీ భూమిలోకి గేటు అడగాలా, వద్దా?

బుల్‌క్రీక్_శేఖర్
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో, వాయవ్య ఆస్టిన్‌లో ఉంటాం. మా వీధిలో పెరటి కంచె దాటితే సిటీ వాళ్ళ ప్రిజర్వ్ (వన్యప్రాణుల కోసం కాపాడే భూమి) మొదలవుతుంది. జూనిపర్ చెట్లు, రాతి వాలు, దిగువన ఒక చిన్న ఊట. అందులో జాలీవిల్ ప్లాటో సాలమాండర్లు ఉన్నాయి, బల్లి ఆకారంలో ఉండే, కప్పల కోవకు చెందిన చిన్న నీటి ప్రాణులు. లోపలికి వెళ్ళకూడదని బోర్డు ఉంది.

వచ్చే హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) మీటింగులో ఒక ప్రతిపాదన రాబోతోంది. కంచెకు గేటు పెట్టి, ఊట దాకా నడకబాట వేయమని సిటీని అడగాలట. ఫోన్లో ఒకసారి కనుక్కుంటే కుదరదన్నారు, అయినా అందరం సంతకాలు పెట్టి పంపితే కదులుతారని కొందరి నమ్మకం. వీధిలో సగం మంది మనవాళ్ళే, వాట్సాప్ గ్రూపు నిండా ఇదే రభస. ఈ వేదికలో ఆ రంగాల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. గేటు అడగడంలో నిజంగా ఇబ్బంది ఉందా? గేటు వద్దనుకుంటే, ఆ భూమి విషయంలో మేం చేయాల్సిన పని ఏమైనా ఉందా?

వంశీ_రౌండ్‌రాక్
నా అభిప్రాయం సూటిగా చెప్తాను శేఖర్ అన్నా. అది పబ్లిక్ భూమి. పబ్లిక్ డబ్బుతో కొన్నారు. ఈ ఊళ్ళో ప్రాపర్టీ టాక్స్ ఎంత కడుతున్నామో అందరికీ తెలుసు. కొన్నవాళ్ళం మనం, లోపలికి వెళ్ళకూడని వాళ్ళమూ మనమేనా?

సిటీ వాళ్ళ ఊట నీటి ఈతకొలను బార్టన్ స్ప్రింగ్స్ సంగతే చూడండి. అక్కడా సాలమాండర్ ఉంది, అదీ ఇంతకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న రకం. అయినా వేసవిలో జనం టికెట్ కొనుక్కుని దూకి ఈదుతున్నారు. అక్కడ ఈత కుదిరినప్పుడు ఇక్కడ నడక ఎందుకు కుదరదు? మా పిల్లలు ఎండాకాలమంతా ఐపాడ్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఇంటి వెనకే అడవి ఉంటే అందులో నడవనిస్తే ఏం పోతుంది?

సుజాత_బయాలజీ
వంశీ గారూ, బార్టన్ స్ప్రింగ్స్‌తో పోల్చి మంచి పని చేశారు. ఎందుకంటే జవాబు కూడా అక్కడే ఉంది.

బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్‌ను 1997లో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా ఫెడరల్ జాబితాలో చేర్చారు. ఆ పూల్ సిటీది. జనం ఈదాలి, సాలమాండర్ బతకాలి. అందుకని సిటీ 1998లో యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే ఫెడరల్ వన్యప్రాణి సంస్థ దగ్గర పర్మిట్ తీసుకుంది, ఆ తర్వాత దాన్ని పొడిగించుకుంది. ఆ పర్మిట్ వెనక ఎన్ని షరతులున్నాయో చూడండి. ఒకప్పుడు పూల్ కడగడానికి క్లోరిన్ వాడేవారు, అది పోయింది. నీళ్ళు ఇష్టమొచ్చినట్టు దించేయడం పోయింది. గురువారాలు పూల్ మూసి శుభ్రం చేస్తారు. ఊట నోళ్ళ దగ్గర పేరుకున్న ఒండ్రు తీసేస్తారు. బయాలజిస్టులు నీళ్ళలోకి దిగి సాలమాండర్లను లెక్కపెడతారు. పక్కనున్న ఎలైజా ఊట దశాబ్దాల తరబడి పైపులోంచి పారేది. 2017లో సిటీ ఆ పైపు తీసేసి, పైకి వాగులా పారేట్టు చేసింది. ఊటలకు ఏమైనా అయితే జాతి మొత్తం పోకుండా కొన్నిటిని విడిగా పెంచే కేంద్రం కూడా నడుపుతోంది. అక్కడ జనం ఈదుతున్నారంటే దాని వెనక ఏళ్ళ తరబడి జీతాలు, మనుషులు, నియమాలు ఉన్నాయి.

శేఖర్ గారి ఊట అలాంటిది కాదు. బార్టన్‌లో ప్రధాన ఊట మూడెకరాల పూల్‌ను నింపుతుంది. జాలీవిల్ సాలమాండర్ ఉండే చాలా ఊటలు రాతి పగుల్లోంచి జారి, గులకరాళ్ళ మీద పల్చగా పారే ధారలు. చాలాచోట్ల నీళ్ళ లోతు వేలు మునిగేంత. ఆ రాళ్ళ సందుల్లోనే దాని ప్రాణం. పెద్దదైనా రెండంగుళాలు ఉంటుంది. మెడకు రెండు వైపులా ఎర్రటి మొప్పలు ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. ఊపిరితిత్తులు లేవు. కప్పపిల్ల కప్పగా మారి గట్టెక్కినట్టు ఇది మారదు, పుట్టినప్పటి మొప్పలతోనే చనిపోయేదాకా నీళ్ళలో ఉంటుంది. అంటే పారిపోవడానికి దానికి ఒడ్డు లేదు. రాయి కింద చోటు పోతే ఇక ఎక్కడికీ పోలేదు.

పిల్లలు వచ్చి నాలుగు రాళ్ళు ఎత్తి చూస్తారు, అది సహజం. ఆ రాళ్ళు మళ్ళీ అలాగే పడవు. ఒడ్డు తొక్కితే మట్టి జారి సందులు పూడుకుపోతాయి. ఇక్కడ గేటు వద్దనడానికి నా కారణం అంతే.

వంశీ_రౌండ్‌రాక్
అర్థమైంది అక్కా. కానీ ఒక ప్రశ్న. రెండంగుళాల ప్రాణి కోసం అన్ని ఎకరాలు ఎందుకు? ఊట చుట్టూ పది గజాలు కంచె వేసి మిగతాది వదిలేయొచ్చు కదా?

సివిల్_ప్రసాద్
ఇది నా పనికి దగ్గర విషయం, నేను చెప్తాను. ఈ ఊళ్ళో సైట్ ప్లాన్లు గీసి బతుకుతున్నవాణ్ణి.

ఆస్టిన్ పడమటి సగమంతా సున్నపురాయి మీద ఉంది. సున్నపురాయి నీటికి కరుగుతుంది. లక్షల ఏళ్ళుగా కరిగి లోపల గుహలు, సొరంగాలు, పగుళ్ళు ఏర్పడ్డాయి. నీళ్ళు నిండిన ఆ రాతి పొరనే ఎడ్వర్డ్స్ అక్విఫర్ అంటున్నాం. మన ఊరి వైపు బావి తవ్వితే నీళ్ళు మట్టిలోంచి, ఇసకలోంచి వడకట్టుకుని దిగుతాయి. ఇక్కడ అది లేదు. సింక్‌హోల్‌లో (నేల కుంగి ఏర్పడ్డ గుంటలో) పడ్డ వాన నీరు పైపులో పోయినట్టు నేరుగా పోయి ఇంకెక్కడో ఊటగా లేస్తుంది. రంగు కలిపి గుహల్లో పోసి చూసే పరీక్షలు ఇక్కడ చాలా చేశారు. మైళ్ళ దూరంలో పోసిన రంగు కొద్ది రోజుల్లోనే బార్టన్ స్ప్రింగ్స్‌లో తేలింది.

కాబట్టి ఊట చుట్టూ పది గజాల కంచె మనుషుల కాళ్ళను ఆపుతుంది, నీటిని ఆపలేదు. ఊటలోకి వచ్చే నీరు పైనున్న వీధుల కిందనుంచి వస్తోంది. 2013 ఆగస్టులో జాలీవిల్ సాలమాండర్‌ను ముప్పు ఉన్న జాతిగా ప్రకటించి, 32 ముక్కలుగా 4,331 ఎకరాలను కీలక ఆవాసంగా గుర్తించారు. అప్పుడు గీసిన గీతలు చూస్తే విషయం తెలుస్తుంది. నేల పైన ఊట నుంచి 80 మీటర్లు. నేల కింద 300 మీటర్లు. కింద గీత అంత దూరం ఎందుకు పోయిందంటే, ఎండాకాలం ఊట ఎండితే ఆ ప్రాణి రాతి లోపలికి దిగిపోతుంది. దాని ఇంట్లో మనకు కనిపించేది గుమ్మం మాత్రమే.

సైట్ మీద అనుభవం ఒకటి చెప్తా. విలియమ్సన్ కౌంటీలో ఒక సబ్‌డివిజన్‌కు (ఇళ్ళ కాలనీకి) మురుగు లైను కోసం ట్రెంచ్ తవ్వుతున్నారు. బకెట్ పళ్ళు రాతికి తగిలిన చప్పుడు ఒక్కసారి మారింది, డొల్లగా మోగింది. ఆపరేటర్ వెంటనే ఆపాడు. దిగి చూస్తే పిడికిలి పట్టేంత కన్నం. చేయి దగ్గర పెడితే చల్లటి, తడి గాలి తగులుతోంది, బయట మాత్రం మాడు పగిలే ఎండ. రీఛార్జ్ జోన్‌లో, అంటే వాన నీరు అక్విఫర్‌లోకి దిగే చోట, ఇలాంటిది బయటపడితే అక్కడ పని ఆపి రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూకి చెప్పాలి, జియాలజిస్టు వచ్చి చూడాలి, దాన్ని ఎలా కాపాడాలో ప్లాన్ ఇచ్చి ఒప్పించుకోవాలి. అక్కడ లైను పక్కకు మళ్ళించారు. షెడ్యూల్ జారిందని కాంట్రాక్టరుకు టెన్షన్, బిల్డరుకు కోపం. కానీ ఆ కన్నం మీద కాంక్రీటు పోసి మురుగు పైపు వేసి ఉంటే, పైపు కారిన రోజు అది ఏ ఊటలో తేలేదో ఎవరికీ తెలియదు.

మాధవి_స్టైనర్‌రాంచ్
మీరంతా నీళ్ళ గురించి మాట్లాడుతున్నారు. నాకు నిప్పు భయం. 2011 సెప్టెంబరులో లేబర్ డే వారాంతంలో మా స్టైనర్ రాంచ్‌లో మంటలు లేచి ఇరవైకి పైగా ఇళ్ళు కాలిపోయాయి. అదే రోజుల్లో బాస్ట్రాప్‌లో కాలినవి పదహారు వందలకు పైనే. మా కంచె వెనక కూడా ప్రిజర్వే. ఎండిన జూనిపర్ కొమ్మలు కంచెను తాకుతుంటాయి. ఆగస్టులో గాలి లేస్తే నాకు నిద్ర పట్టదు. ప్రిజర్వ్‌లో ఉండే అరుదైన పక్షి కోసం, సాలమాండర్ కోసం ఒక్క కొమ్మ కూడా నరకరని మా వీధిలో అందరూ అంటారు. ఇది నిజమేనా?

సుజాత_బయాలజీ
మాధవి గారూ, మీ భయం న్యాయమైనదే. ఒక్క కొమ్మ కూడా నరకరన్నది మాత్రం నిజం కాదు.

మీ వెనకున్నది బహుశా బాల్కోన్స్ కాన్యన్‌ల్యాండ్స్ ప్రిజర్వ్‌లో భాగం. 1996లో ఆస్టిన్ సిటీ, ట్రావిస్ కౌంటీ కలిసి ఫెడరల్ పర్మిట్ తీసుకుని మొదలుపెట్టినది. కనీసం 30,428 ఎకరాలు కాపాడతామని మాట ఇచ్చి, ఇప్పుడు అంతకు మించి కాపాడుతున్నారు. ఆ మాటకు బదులుగానే మిగతా చోట్ల ఇళ్ళు, రోడ్లు, స్కూళ్ళు కట్టుకోవడానికి వీలైంది. ఈ మాట మనవాళ్ళలో చాలామందికి తెలియదు, అందుకే నొక్కి చెప్తున్నా. మన సబ్‌డివిజన్లకు పర్మిషన్లు వచ్చిన దారుల్లో ఆ అడవి ఒకటి.

ఇళ్ళ అంచున అడవిని పల్చగా చేసే పని అక్కడ చేస్తారు. పెద్ద చెట్లు, వాటి నీడ అలాగే ఉంచి, కింద నేలబారు కొమ్మలు, ఎండు పొదలు తీసేస్తారు. నీడ ఉంటే గడ్డి ఏపుగా పెరగదు, మంట నేల నుంచి చెట్టు కొసకు ఎక్కదు. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ పిట్ట గూడు పెట్టే నెలల్లో మాత్రం ఆ పని చేయరు. అది ముదురు జూనిపర్ బెరడు పీచుతో గూడు అల్లుకుంటుంది. శీతాకాలంలో అడగండి, వింటారు.

వాలు మొత్తం నున్నగా గొరిగించమని మాత్రం అడగకండి. చెట్ల వేళ్ళు పోతే మొదటి పెద్ద వానకే మట్టి అంతా ఊటలోకి దిగుతుంది. నిప్పు భయం తీర్చబోయి ఊటను పూడ్చినట్టవుతుంది. ఇంటి వైపు మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి. గట్టర్లలో ఎండుటాకులు తీయడం, అటక గాలి కన్నాలకు సన్న జాలీ కొట్టించడం, చెక్క కంచె ఇంటిని తాకే చోట లోహపు ముక్క పెట్టించడం. గాలిలో ఎగిరొచ్చే నిప్పురవ్వలే ఎక్కువ ఇళ్ళను అంటిస్తాయి.

పద్మ_హెచ్‌ఓఏ
నేను వేరే సబ్‌డివిజన్‌లో బోర్డు మెంబర్ని. శేఖర్ అడిగిన రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. గేటు సంగతి పక్కన పెట్టండి, పై నుంచి మనం ఏం పంపుతున్నాం?

మా దగ్గర జరిగింది చెప్తాను. ఒకాయన స్విమ్మింగ్ పూల్ మార్పించుకుంటూ పాత నీళ్ళన్నీ వీధి కాలవలోకి వదిలించాడు. క్లోరిన్ వాసన మూల మలుపు దాకా వచ్చింది. మర్నాడు దిగువ వాగులో చిన్న చేపలు తెల్లగా తేలాయి. వీధి కాలవలో పడేవన్నీ ఎక్కడో శుద్ధి అవుతాయని ఆయన అనుకున్నాడట. చాలామంది అలాగే అనుకుంటున్నారు. వాన కాలవ నీరు ఏ శుద్ధి కేంద్రానికీ పోదు, నేరుగా వాగుకే పోతుంది. క్లోరిన్ నీళ్ళు అలా వదలడం నిషేధం కూడా.

అప్పటి నుంచి మా న్యూస్‌లెటర్లో ప్రతి ఎండాకాలం ముందు ఇది వేస్తున్నాం. లాన్ కాంట్రాక్టులో ఎరువుల నియమం పెట్టాం. వాన సూచన ఉన్న వారంలో ఎరువు చల్లకూడదు, వీధి మీద పడ్డ గింజలు ఊడ్చి తీయాలి. సిటీ వాళ్ళ గ్రో గ్రీన్ కరపత్రాలు ఉచితంగా ఇస్తారు, కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకు అవి అందిస్తున్నాం.

సుజాత_బయాలజీ
పద్మక్కా, సరిగ్గా అసలు చోట పట్టుకున్నారు. స్టిల్‌హౌస్ హాలో గురించి చెప్పాలి, ఇది అందరూ వినాలి.

అది కూడా వాయవ్య ఆస్టిన్‌లోదే. సిటీ కాపాడుతున్న భూమి. ఒక చిన్న బాట, దాని చివర నిలబడి చూడ్డానికి వేదిక, అంతే. కుక్కల్ని, సైకిళ్ళను రానివ్వరు. కాళ్ళ బెడద లేకుండా చూసుకున్నారు. కానీ చుట్టూ పాత సబ్‌డివిజన్లు. ఆ ఊటలో ఎరువులు, మలం లాంటి వాటి నుంచి వచ్చే నైట్రేట్ ఎక్కువ. అక్కడ సిటీ బయాలజిస్టులకు వెన్ను వంకరపోయిన సాలమాండర్లు కనిపించాయి. కన్ను లేనివి, కాలో వేళ్ళో లేనివి కూడా. చచ్చినవి కూడా మిగతా చోట్ల కంటే అక్కడే ఎక్కువ కనిపించాయి. ఫలానా రసాయనం వల్లనే అని తేల్చలేదు, నైట్రేట్‌కూ ఈ లోపాలకూ లెక్కల్లో నేరుగా సంబంధం దొరకలేదు. నీటిలో కలిసిన విషాలనే అనుమానిస్తున్నారు.

భూమి సిటీ చేతిలో ఉంది. కంచె ఉంది, బోర్డు ఉంది. అయినా ఆ ప్రాణి వెన్ను వంగింది. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. భూమి కొని కంచె వేసి పని అయిపోయిందనుకునే ప్రతి మీటింగులో నేను దీన్నే చెప్తాను.

వంశీ_రౌండ్‌రాక్
ఇది నాకు తెలియదు. మరి అలాంటప్పుడు సిటీ భూమి కొనడం వల్ల ఒరిగేది ఏమిటి? పైనంతా కట్టేశాక కింద నాలుగెకరాలు కాపాడి లాభమేంటి?

సివిల్_ప్రసాద్
చాలా ఉంది, కానీ కొనే భూమి పైన కొనాలి. దక్షిణాన సిటీ చేసింది అదే. 1992లో జనం ఓటేసి సేవ్ అవర్ స్ప్రింగ్స్ ఆర్డినెన్సు (సిటీ చట్టం) తెచ్చుకున్నారు. బార్టన్ స్ప్రింగ్స్‌కు నీరిచ్చే ప్రాంతంలో, చోటును బట్టి, స్థలంలో 15 నుంచి 25 శాతం మించి కాంక్రీటు, తారు, పైకప్పు ఉండకూడదని. 1998లో 65 మిలియన్ డాలర్ల బాండ్లకు ఓటేసి, నీటి నాణ్యత కోసమని ఎగువ భూములు కొనడం మొదలుపెట్టారు. 2018లో మరో 72 మిలియన్లు. హేస్ కౌంటీ దాకా పోయి కొన్నారు. కొన్నిచోట్ల భూమి రైతు పేరునే ఉంచి, కట్టడాల హక్కు మాత్రం కొనేశారు. అక్కడ ఆవులు మేస్తాయి, ఇళ్ళు లేవవు. ఆ పచ్చిక నేలల్లో పొదలు తీసి, నియంత్రిత మంట పెట్టి, గడ్డి పెంచుతున్నారు. గడ్డినేల అయితే చెట్ల గుబురు కంటే ఎక్కువ వాన నేలలోకి దిగుతుందని.

ఆ ఆర్డినెన్సు శేఖర్ వాళ్ళ వైపు వర్తించదు. అక్కడ వేరే నియమాలు. ఇప్పుడు కొత్తగా కట్టేదైతే ఊట చుట్టూ 150 అడుగులు వదలాలి. కానీ చాలా ప్లాట్లు ఎప్పుడో ఎనభైల్లో నమోదైనవి. టెక్సస్ చట్టంలో చాప్టర్ 245 అని ఉంది. ప్రాజెక్టు మొదటి దరఖాస్తు పెట్టిన నాటి నియమాలే దానికి చివరిదాకా వర్తిస్తాయి. నిన్న బుల్డోజరు దిగిన స్థలానికి కూడా నలభై ఏళ్ళనాటి నియమం పట్టుకుని వస్తారు. నా ఉద్యోగంలో నాకు మింగుడు పడనిది ఇదొక్కటే.

నల్లమల_రవి
హైదరాబాదు నుంచి చదువుతున్నాను, అమెరికా సంగతులు నాకు పెద్దగా తెలియవు. మన దేశంలో ఉన్న సాలమాండర్ గురించి ఒక మాట. అది హిమాలయాల తూర్పు వైపు ఉంది. డార్జిలింగ్ దగ్గర జోరెపోఖ్రి అని దానికోసమే ప్రకటించిన అభయారణ్యం ఉంది, మొత్తం కలిపి 0.04 చదరపు కిలోమీటర్లు. పది ఎకరాలే. చూడ్డానికి వెళ్ళాను. చెరువు గట్టున పర్యాటకుల బస ఉంది.

ఆ సాలమాండర్ వానాకాలంలో గుడ్లు పెట్టడానికే చెరువులోకి వస్తుంది. మిగతా ఏడాదంతా చుట్టుపక్కల తడి ఆకుల కింద, రాళ్ళ కింద, పొలం గట్లలో ఉంటుంది. సర్కారు గీత గీసింది చెరువుకు, ప్రాణి బతుకుతున్నది గీత బయట. మీ ఊట కథ చదువుతుంటే దాదాపు అదే పరిస్థితి అనిపించింది. అందుకే రాయాలనిపించింది.

మాధవి_స్టైనర్‌రాంచ్
రవి గారూ, మన దేశంలో ఉన్నాయని తెలియనే తెలియదు. థాంక్స్.

సుజాత గారూ, శీతాకాలంలో అడగమన్నారు కదా, అడుగుతాను. ఇంకొకటి. కుక్కల సంగతేమిటి? మా దగ్గర రోజూ నడిపించేవాళ్ళే ఎక్కువ.

సుజాత_బయాలజీ
బుల్ క్రీక్ పార్కులో ఒకప్పుడు కుక్కల్ని తాడు లేకుండా వదిలేవారు. వాగులో బాక్టీరియా విపరీతంగా పెరిగి కొంతకాలం మూసేయాల్సి వచ్చింది, ఆ తర్వాత ఆ వెసులుబాటు తీసేశారు. మలంలో బాక్టీరియాతో పాటు నైట్రోజన్ కూడా ఉంటుంది. ఒక కుక్కతో ఏం కాదు. వందల ఇళ్ళు, ప్రతి ఇంట్లో కుక్క, అన్నీ ఒకే వాలు మీద అయితే లెక్క మారుతుంది. వీధిలో సంచుల డబ్బాలు పెట్టించండి. చిన్న ఖర్చే.

మరో విషయం, ఇది ఈ కరువుల్లో ముఖ్యం. ఎండిన ఏడు సాలమాండర్లు రాతి లోపలికి పోతాయని ప్రసాద్ గారు చెప్పారు. తిరిగి వచ్చినప్పుడు ఎలా ఉంటాయో సిటీ వాళ్ళు చూశారు. ప్రతి సాలమాండర్ తల మీద మచ్చల తీరు వేరు. ఫొటో తీసి పోల్చి, ఇది పోయిన ఏడు పట్టుకున్నదే అని గుర్తుపడతారు. అలా గుర్తుపట్టిన వాటిని కొలిస్తే, కరువు తర్వాత కొన్నిటి ఒంటి పొడవు తగ్గింది. బరువు తగ్గడం కాదు, పొడవే తగ్గింది. అంత ఆకలిని తట్టుకుని బయటికొచ్చిన ప్రాణికి మనం ఇచ్చేది క్లోరిన్ నీళ్ళు, ఎరువు నీళ్ళు కాకూడదు.

పద్మ_హెచ్‌ఓఏ
సీలర్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా క్లబ్‌హౌస్ పార్కింగుకు నల్ల పూత వేస్తామని వెండర్లు కొటేషన్లు పంపుతుంటారు.

సివిల్_ప్రసాద్
పద్మ గారూ, దాని కథ ఈ ఊళ్ళోనే మొదలైంది. బార్టన్ క్రీక్ పక్కన ఒకచోట మట్టిలో పీఏహెచ్ అనే విష పదార్థాలు అర్థం కానంత ఎక్కువగా ఉన్నాయి. సిటీ వాళ్ళు వెతుక్కుంటూ పోతే పైనున్న పార్కింగ్ లాట్ తేలింది. తారు మీద వేసే బొగ్గు తారు పూత టైర్లకు అరిగి, పొడై, వానకు కొట్టుకొస్తోంది. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి అదే కారణమని చూపించారు. 2006 నుంచి ఆస్టిన్ ఆ పూతను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి ఊరు ఇదే. సిటీ హద్దు దాటితే ఆ నియమం ఉండకపోవచ్చు. కొటేషన్‌తో పాటు ఆ డబ్బా సేఫ్టీ షీటు తెప్పించుకోండి. బొగ్గు తారు అని ఉంటే వద్దనండి.

అన్నిటికంటే ముఖ్యం మీ వాననీటి పాండ్. ప్రతి సబ్‌డివిజన్‌కు ఒకటి ఉంటుంది, చాలామందికి అది గడ్డి పెరిగిన గుంటగానే తెలుసు. మొదటి గదిలో మట్టి దిగుతుంది, రెండో గదిలో ఇసక పొరలోంచి నీరు వడకడుతుంది. ఆ ఇసక మీద మట్టి పొర గట్టిపడితే నీరు దిగదు, నిలిచిపోతుంది, తర్వాతి వానకు అంచు మీదుగా అలాగే దూకేస్తుంది. వాన వెలిసిన మూడో రోజు వెళ్ళి చూడండి. ఇంకా నీళ్ళు ఉన్నాయంటే అది పని చేయట్లేదు. ఆస్టిన్ సిటీలో ఇళ్ళ సబ్‌డివిజన్ పాండ్లను సిటీయే చూసుకుంటుంది, సిటీ ఫిర్యాదుల నంబరు 311కి చెప్తే వస్తారు. ఊరి బయట చాలాచోట్ల హెచ్‌ఓఏదే బాధ్యత. ఎవరిదో ముందు కనుక్కోండి.

మోడరేటర్
చర్చ చక్కగా సాగుతోంది. ఊటలు కచ్చితంగా ఎక్కడున్నాయో పిన్‌లు, ఫొటోలు పెట్టకండి. ఇంతకుముందు వేరే చర్చలో పెట్టినవి తీసేశాం.

బుల్‌క్రీక్_శేఖర్
అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం వంశీ, నేను మా పాండ్ దగ్గరికి వెళ్ళాం. వాన పడి నాలుగు రోజులైంది. ఇసక గదిలో మడమ లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి, పైన పచ్చటి పాకుడు. గట్టున ఎవరో పారేసిన ఎరువు సంచీ, సగం నిండా ఉంది. మా పాండ్ నీళ్ళు దిగేది ఆ ప్రిజర్వ్ వాలు మీదికే. 311కి ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకున్నాం.

మీటింగుకు రాసిన ప్రతిపాదన ఇది. గేటు అడగం. పాండ్ బాగు చేయమని సిటీని లిఖితంగా అడుగుతాం. కంచె వెంట ఎండు కొమ్మలు తీసే పని శీతాకాలంలో పెట్టుకోమని అడుగుతాం. ఎరువుల నియమం పద్మక్క కాంట్రాక్టు చూసి రాసుకుంటాం. కుక్కల డబ్బాలు పెట్టిస్తాం. పిల్లల కోసం ఏడాదికి ఒకసారైనా బయాలజిస్టుతో నడక ఏర్పాటు చేయమని ప్రిజర్వ్ ఆఫీసుకు రాస్తాం.

వంశీ_రౌండ్‌రాక్
ఆ నడక ఏర్పాటు నేను చూసుకుంటాను. బాల్కోన్స్ ప్రిజర్వ్‌లో వాలంటీర్లతో గైడెడ్ నడకలు పెడతారట, సీట్లు కొన్నే ఉంటాయి, ముందే పేర్లివ్వాలి. పిల్లల పేర్లు నాకు పంపండి. కొన్న భూమిని జనం చూడాలన్న నా మాట మీద ఇప్పటికీ ఉన్నాను. మనిషి తోడుండి చూపిస్తే నాకు అభ్యంతరం లేదు. ఇంకో అడుగు వేసి చెప్పాలంటే, ఆ భూమి చూసుకునే ఉద్యోగులకు బడ్జెట్టు తగ్గిస్తే కౌన్సిల్ మీటింగుకు నేనే వెళ్ళి మాట్లాడతాను.

సివిల్_ప్రసాద్
శేఖర్, ఒకటి చేర్చండి. ఆ ఇసక గది అడుగున డ్రెయిన్ వాల్వు ఉంటుంది. కొన్నిచోట్ల ఎవరో ఎప్పుడో మూసేసి అలాగే వదిలేస్తారు. సిటీ మనిషి వచ్చినప్పుడు పాకుడు గీకి వెళ్ళిపోనివ్వకండి, వాల్వు తెరిచి చూపించమనండి.